కొట్టులో నీలం లేదట

గుండీల కొట్టు, వెనక గది
ఫిబ్రవరి 6

ఏమే గుండీ,

ఎలా ఉన్నావని అడగను. మీ నాన్న పంపిన ఫోటోలో చూశాను, బాగానే ఉన్నావు. కాస్త చిక్కినట్టున్నావు, ఆ గొడవ ఇంకో ఉత్తరంలో పెట్టుకుందాం. ఇప్పుడు నాకు నీతో పని పడింది.

మా ఓనరమ్మ కొట్టుకి ఒక సాఫ్ట్‌వేర్ కొన్నది. వాళ్ళ నాన్న పెద్దాయన ఉన్నన్నాళ్ళు సరుకుకి పుస్తకమంటూ ఏదీ లేదు. ఏ సొరుగులో ఏముందో నన్నడిగేవారు, నేను చెప్పేదాన్ని. ముప్పై నాలుగేళ్ళుగా ఈ కొట్టుకి పుస్తకం నా తలకాయే. ఈ అమ్మాయి చేతికి వచ్చాక అలా కుదరదంటోంది. "మీకు జలుబు చేసి రెండు రోజులు రాకపోతే కొట్టుకి నోరు పడిపోతోంది పిన్నీ" అంటుంది. నిజమే అనుకో.

నీకు తెలుసుగా, ఇరవై ఒక్క వరసలు, వరసకి అరవై సొరుగులు. మొత్తం పన్నెండు వందల అరవై. ఒక్కో సొరుగు సంగతీ కంప్యూటర్లో ఒక షీటులో రాసి, ఆ షీటుని ఒక్కసారిగా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలట. అది అమ్మినాయన వచ్చి ఖాళీ షీటు చూపించి, గడగడా ఏదో చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. "ఎవరు రాస్తారు?" అని ఓనరమ్మ అడిగితే నేనే రాస్తానన్నాను. అరవై ఒకటో ఏట నాకెందుకీ తలనొప్పి అంటావేమో. నా సొరుగుల గురించి ఇంకొకరు రాస్తుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు.

పైగా మొన్న చలికాలంలో కొట్టుకి రంగులు వేయించినప్పుడు సొరుగులన్నీ దింపారు. తిరిగి పెట్టడంలో మధ్య వరసలు నాలుగు కలగాపులగం అయిపోయాయి. కాబట్టి గుర్తున్నది రాస్తే సరిపోదు, ఒక్కో సొరుగూ లాగి చూసి రాయాలి.

నువ్వు చేసే ఉద్యోగం ఇదే కదా. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో నాకు అర్థమయ్యేలా రాయి. ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు "ఊఁ, సరే" అంటావు, నేను "సరేలే" అంటాను, పెట్టేశాక ఇద్దరికీ ఏమీ గుర్తుండదు. నువ్వు హాస్టల్లో చేరిన రోజు నుంచి మన ముఖ్యమైన మాటలన్నీ కాగితం మీదే నడిచాయి, ఇదీ అలాగే నడవనీ.

నీ అత్త


మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 13

అత్తా,

చిక్కలేదు. ఆ ఫోటో నాన్న తీశాడు, ఆయన తీస్తే ఏనుగైనా చిక్కినట్టే ఉంటుంది.

నీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. కవరు మీద ఇంతింత అక్షరాలతో "గుండీకి" అని రాశావు. గేటు దగ్గర ఉండే ఆయన అది పట్టుకుని మూడు అంతస్తులూ తిరిగాడు. నాలుగేళ్ళప్పుడు మీ కొట్టులో ఒక ముదురు నీలం గుండీ మింగిన నేరానికి ఇంకా ఎన్నేళ్ళు నాకీ శిక్ష? ఇప్పుడు ఆయన కూడా "గుండీగారూ, నమస్తే" అంటున్నాడు. ఆ గుండీ మూడో రోజు దొరికాక నువ్వు కడిగి మళ్ళీ సొరుగులో వేశావని నాన్న ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తాడు. అది ఎవరి చొక్కాకి వెళ్ళిందో పాపం.

సరే, పని. మేము దీన్ని ఇంపోర్టు అంటాం. ఒక టైల్స్ కొట్టు, ఒక పళ్ళ డాక్టరు, ఒక లారీల కంపెనీ, ఎవరు కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నా వాళ్ళ పాత సంగతులన్నీ షీట్లలో పెట్టి పంపుతారు. నేను లోపలికి ఎక్కిస్తాను. సగం రోజు ఎక్కించడం, మిగతా సగం ఎందుకు ఎక్కలేదో వెతకడం.

షీటులో మొదటి లైనులో కాలమ్ పేర్లుంటాయి: సొరుగు నంబరు, రకం, సైజు, రంధ్రాలు, రంగు, ఎన్ని ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళకు. బాగాలేవని పేర్లు మార్చకు, నీ సంగతి నాకు తెలుసు. ఆ పేర్లు చూసే సాఫ్ట్‌వేర్ ఏది ఎక్కడ పెట్టాలో పోల్చుకుంటుంది. ఒక సొరుగుకి ఒక లైను, అంతే. ఆరూ తప్పనిసరి గడులు. ఒక్కటి ఖాళీగా వదిలినా ఆ లైను మొత్తం వెనక్కి తన్నేస్తుంది, బతిమాలినా వినదు. ముందు పది లైన్లే రాసి ఓనరమ్మ చేత మెయిల్లో నాకు పంపించు. పది ఎక్కితే వెయ్యి ఎక్కుతాయి.

ఇంకొకటి, ఇది నువ్వు నాకు నేర్పిందే. డిటోలు వద్దు. ఎండాకాలం సెలవుల్లో కొట్టుకొచ్చి సొరుగుల పేర్లు కాపీ రాస్తూ, ఒకే రకం వచ్చినచోటల్లా డిటో, డిటో అని పెట్టానని మొత్తం చింపేసి మళ్ళీ రాయించావు. "ఏ సొరుగు సంగతి ఆ సొరుగే చెప్పాలి" అన్నావు. అప్పుడు ఏడ్చాను గానీ, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం అదే. నీ పేరు చెప్పనులే.

నీ మేనకోడలు
(గుండీ అని సంతకం పెట్టను)


గుండీల కొట్టు, వెనక గది
ఫిబ్రవరి 27

గుండీ,

నీ షీటు నన్ను నవ్వులపాలు చేసింది.

సొరుగు నంబరు దగ్గర 3-12 అని కొట్టాను. మూడో వరస, పన్నెండో సొరుగు. ఎంటర్ నొక్కి తలెత్తేసరికి అక్కడ మార్చి 12 అని ఉంది. ఏదో పొరపాటనుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ మార్చి 12. సొరుగులకి పుట్టినరోజులు పెడుతోంది నీ షీటు. 3-45 అని కొడితే ఏకంగా 1945 మార్చి అయి కూర్చుంది. ఆ సొరుగు నాకంటే వయసులో పెద్దదట, ఇక ముందు నమస్కారం పెట్టి లాగాలి కాబోలు. ఓనరమ్మ పక్కనే నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

రెండోది, "ఎన్ని ఉన్నాయి" అన్నచోట "రెండు గుప్పిళ్ళు" అని రాశాను. ఒప్పుకోలేదు. పెద్దాయన రోజుల్లో అది ఖచ్చితమైన కొలతే. నా గుప్పిట్లో చొక్కా గుండీలు తొంభై పడతాయి. కావాలంటే ఎంచి చూసుకో, ఎన్నిసార్లు తీసినా తొంభైయే. కోటు గుండీలైతే ముప్పై రెండు. ఇన్నేళ్ళలో ఒక్క దర్జీ కూడా తక్కువొచ్చాయని తిరిగి రాలేదు. మీ సాఫ్ట్‌వేర్‌కి నా గుప్పిటి మీద నమ్మకం లేకపోతే నేనేం చెయ్యను?

మొదటి లైను ముట్టుకోలేదు. ఒట్టు. ఒక్క "రంధ్రాలు" అన్నది మాత్రం "కన్నాలు" అని మార్చి, భయమేసి మళ్ళీ మార్చేశాను.

పని బాగానే ఉందే. పొద్దున్నే బేరాలు మొదలవకముందు ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట. సొరుగు లాగుతాను, ఒక గుండీ తీసి వేళ్ళ మధ్య తిప్పుతాను, సైజు తెలిసిపోతుంది, కన్నాలు తెలిసిపోతాయి. కొమ్ముదా, గవ్వదా, ప్లాస్టిక్‌దా అన్నది కూడా వేళ్ళే చెప్తాయి. కొన్ని సొరుగులు లాగి పదేళ్ళయింది. పాత స్నేహితుల ఇళ్ళకి వెళ్ళి వస్తున్నట్టు ఉంది.

నీ అత్త


మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
మార్చి 6

అత్తా,

పుట్టినరోజుల సంగతి చదివి మా బల్లల వరస అంతా నవ్వుకున్నాం. ఇది నీ ఒక్కదానికే జరగలేదు. లారీల కంపెనీ వాళ్ళ బండి భాగాల నంబర్లలో సగం నవంబరు నెలకి మారిపోయి, రెండు వారాలు ఎవరూ గమనించలేదు. షీటుకి అడ్డగీత చూస్తే చాలు, తేదీ అనుకునే జబ్బు ఉంది. సొరుగు నంబరు కాలమ్ మొత్తం ఎంచుకుని, ఇవి మాటలు, అంకెలు కావు అని చెప్పు. "టెక్స్ట్" అని ఉంటుంది, అది నొక్కడమే. కానీ కొట్టకముందే చెప్పాలి. మారిపోయాక చెప్తే నీ పాత నంబరు తిరిగి రాదు, చెరిపి మళ్ళీ కొట్టుకోవాల్సిందే.

గుప్పిళ్ళ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అంకె కావాలి. కొట్టులో చిన్న త్రాసు ఉండాలి కదా. ఒక వంద గుండీలు తూచు, తర్వాత సొరుగంతా తూచు, భాగించు. గుప్పిటికి అవమానమేమీ లేదు.

అన్నట్టు నీ అక్షరాలు ఈ మధ్య లావెక్కాయేం? ఇదివరకు ఒక కాగితంలో సరిపోయేది ఇప్పుడు మూడు కాగితాలు పడుతోంది. చిక్కిందల్లా నేనూ, లావెక్కింది నీ అక్షరాలూనా?

నీ మేనకోడలు


గుండీల కొట్టు, ముందు బల్ల
ఏప్రిల్ 3

గుండీ,

అయిపోయింది! పన్నెండు వందల అరవై. చివరి సొరుగు 21-60, పిల్లల స్వెట్టర్లకి వేసే బాతు బొమ్మల గుండీలు, నూట పద్దెనిమిది. నిన్న మధ్యాహ్నం మూడున్నరకి అది కొట్టి, కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు ఊరికే కూర్చున్నాను. ఓనరమ్మ ఐస్‌క్రీం తెప్పించింది. ఇద్దరం కౌంటరు మీదే పెట్టుకుని తిన్నాం.

నువ్వు పది లైన్లు ఎక్కించి పంపిన కాగితం ఉంది చూడు, "ఎక్కినవి పది, తప్పులు సున్నా" అని, దాన్ని అద్దం పక్కన అంటించాను. వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాను. జిప్పులు కొనడానికి వచ్చిన ఒకావిడ నాకేదో పరీక్ష పాసయిందనుకుని అభినందించి వెళ్ళింది. నేనూ కాదనలేదు.

త్రాసు మంచి ఉపాయం. చొక్కా గుండీలు నా లెక్కతో ఒక్కటి కూడా తేడా రాలేదని తెలియజేస్తున్నాను.

మొత్తం ఫైలు ఓనరమ్మ ఇవాళ మెయిల్లో పంపుతుంది. మే ఒకటి నుంచి సాఫ్ట్‌వేర్ మీదే బేరాలట. "ఇది ఎక్కేస్తే ఇక కౌంటర్లో ఎవరైనా నిలబడొచ్చు పిన్నీ" అంది నిన్న, ఐస్‌క్రీం తింటూ. మంచిదేగా.

అక్షరాల గురించి అడిగావు. పెన్ను మార్చాను.

నీ అత్త


మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఏప్రిల్ 12

అత్తా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. మూడోసారి ఎలా వస్తే అలా పంపేస్తాను.

ముందు నా తప్పు చెప్తాను. నీ ఫైలుని ముందు పరీక్షకని పెట్టుకున్న నకలు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి చూశాను, అసలుదానిలోకి కాదు. రంగుల జాబితాలో లేని మాట వస్తే "కొత్త రంగుగా చేర్చమంటారా?" అని అది అడుగుతుంది. నేను చూడకుండా అవును అని నొక్కాను. రోజూ పదిమందికి చూసి నొక్కండని చెప్పే దాన్ని. ఎక్కింది. ఎరుపు, తెలుపు, బంగారు, అన్నీ వచ్చాయి. వాటి మధ్యలో డిటో అని ఒక కొత్త రంగు వచ్చింది. మీ కొట్టులో డిటో రంగు గుండీల సొరుగులు నూట ఎనభై ఏడు.

మొదట పగలబడి నవ్వాను. నన్ను ఏడిపించిన అత్తేనా డిటోలు పెట్టింది, ఇక జన్మంతా దెప్పుతాను అనుకున్నాను. పై గడిలో ఉన్న రంగుని కిందికి దించేస్తే సరిపోతుంది, నిమిషం పని. దించాను. దించాక రంగుల వారీగా లెక్క చూశాను.

అత్తా, నీ షీటు ప్రకారం మీ కొట్టులో ముదురు నీలం గుండీ ఒక్కటి కూడా లేదు. లేత నీలాలు నలభై మూడు సొరుగులున్నాయి, ముదురు నీలం సున్నా. ఎదురుగా బడి పెట్టుకుని, పిల్లల నీలం కోట్లన్నిటికీ గుండీలిచ్చే కొట్టులో. అలాగైతే నేను నాలుగేళ్ళప్పుడు మింగింది ఏమిటి?

అప్పుడు మళ్ళీ వెనక్కి వెళ్ళి చూశాను. డిటోలన్నీ తొమ్మిది నుంచి పన్నెండు వరసల్లోనే ఉన్నాయి, ముదురు రంగుల వరసల్లో. రకం దగ్గర ఒక్క డిటో లేదు. సైజు దగ్గర లేదు. కన్నాల దగ్గర లేదు. ఒక్క రంగు దగ్గరే. నీ వేళ్ళు చెప్పగలిగినవన్నీ ఖచ్చితంగా ఉన్నాయి.

నీకు నలుపూ నీలమూ ఎప్పటి నుంచి ఒకలా కనిపిస్తున్నాయి? పెన్ను మార్చానని మాత్రం రాయకు.

ఓనరమ్మకి ఏమీ చెప్పలేదు. ఫైలులో నా వైపు పొరపాటు జరిగింది, ఇంకొన్నాళ్ళు పడుతుందని మెయిల్ పెట్టాను.

నీ గుండీ


ఇల్లు
ఏప్రిల్ 18

నీ ఉత్తరం అందింది.

నా కళ్ళ సంగతి నిన్నెవరూ అడగలేదు. అడిగింది గుండీల సంగతి. బడి కోట్ల గుండీలు తెప్పించే కంపెనీ కేటలాగు ఉంటుంది, దాన్ని చూసి ఆ నూట ఎనభై ఏడూ నింపెయ్. నీకు నిమిషం పని అన్నావుగా. మే ఒకటికి అందాలి.

నా తప్పు నీ నెత్తిన వేసుకోమని కూడా ఎవరూ అడగలేదు.

అత్త


మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఏప్రిల్ 24

అత్తా,

కోప్పడ్డావు. సరే. కోప్పడినా ఉత్తరమే రాశావు, అది చాలు నాకు.

నింపను. కేటలాగు చూస్తే ఏ కంపెనీ ఏ రంగులు చేస్తుందో తెలుస్తుంది గానీ, మీ తొమ్మిదో వరస ఏడో సొరుగులో ఇవాళ ఏముందో తెలియదు. ఊహించి నింపి ఎక్కించేస్తే సాఫ్ట్‌వేర్ సంతోషంగా మింగేస్తుంది, తప్పులు సున్నా అని కాగితం కూడా ఇస్తుంది. ఆ కాగితం నువ్వు అద్దం పక్కన అంటించుకోగలవా? నేనైతే అంటించుకోలేను. ఏ సొరుగు సంగతి ఆ సొరుగే చెప్పాలి, నువ్వే అన్నావు.

నాకు కోపం లేదు, భయమేసింది. నలుపూ నీలమూ కాదు నా బాధ. ఇంటి నుంచి కొట్టుకి నువ్వు రెండు రోడ్లు దాటాలి. మెట్ల దగ్గర బల్బు ఎప్పుడూ ఉండదు. ఇన్నాళ్ళూ అక్షరాలు లావుగా రాస్తూ, మూడు కాగితాలు నింపుతూ, నాకు జోకులు చెప్తూ, ఒక్క ముక్క కూడా రాయలేదు నువ్వు.

మా కింది అంతస్తులో పనిచేసే ఒకావిడ వాళ్ళ అమ్మకీ ఇలాగే అయింది. కంట్లో శుక్లమట. నీలాలు ముందు పోతాయట, నలుపులో కలిసిపోతాయట. అరగంట ఆపరేషను, మర్నాడు కట్టు విప్పారట. నీదీ అదేనేమో నాకు తెలియదు, డాక్టరుకి చూపిస్తే తెలుస్తుంది. ముందు చూపించుకో. ఓనరమ్మకి చెప్తావో లేదో నీ ఇష్టం. నేను చెప్పను. నువ్వు చెప్పేవరకూ ఫైలు ఎక్కించను కూడా.

మనం ఇలాంటివి ఎప్పుడూ రాసుకోలేదు, రాస్తే నువ్వు నవ్వుతావని. అయినా రాస్తున్నాను. నువ్వంటే నాకు ప్రాణం అత్తా. నువ్వు లేకపోతే నా బతుకులో ఏ వస్తువు ఎక్కడుందో నాకు తెలియదు.

నీ గుండీ


గుండీల కొట్టు, వెనక గది
మే 9

గుండీ,

రెండు వారాలు రాయలేదు. రాయడానికి ఏదైనా ఉన్నాక రాద్దామనుకున్నాను. ఇప్పుడుంది.

ముందు నిజం చెప్తాను. నిరుటి వానాకాలం నుంచి అలా ఉంది. మొదట కొట్టులో లైట్లు సరిగ్గా లేవనుకున్నాను. లైట్లు మార్పించాను. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ గడిపాను. పాత సొరుగులు పాత చోట్లలో ఉన్నన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు, నాక్కూడా సరిగ్గా తెలియలేదు, గుర్తుని బట్టి చెయ్యి వెళ్ళిపోయేది. రంగులేసేవాళ్ళు నాలుగు వరసలూ కలిపేశాక తెలిసింది. తొమ్మిదో వరస సొరుగు ఒకటి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి ఎండలో పెట్టి చూశాను. నలుపే. ఇంకొకటి. అదీ నలుపే. అన్నీ నలుపెలా అవుతాయే? ఎవరినైనా పిలిచి "ఇది ఏ రంగు?" అని అడగడానికి నోరు రాలేదు. గుండీల కొట్టులో ముప్పై నాలుగేళ్ళు నిలబడి ఆ మాట ఎలా అడగను? అప్పుడు డిటో అని కొట్టాను. ఒకటి కొట్టాక రెండోది సులువైపోయింది.

ఎవరైనా నిలబడొచ్చని ఓనరమ్మ అన్నది నీకు రాశాను కదా. మంచిదేగా అని కూడా రాశాను. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు. నా తలకాయలో ఉన్నదంతా ఆ పెట్టెలోకి ఎక్కాక, కళ్ళు కూడా లేవని తెలిస్తే, ఈ మనిషితో కొట్టుకి ఇంకేం పని? అదే నా భయం. ఈ కౌంటరు వెనక తప్ప ఇంకెక్కడ నిలబడాలో నాకు తెలియదు.

నీ ఉత్తరం సంచిలో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. ఐదో రోజు పొద్దున్న ఓనరమ్మ షట్టరు ఎత్తుతుంటే "నీతో ఒక మాట చెప్పాలి" అన్నాను.

"నలుపూ నీలం సంగతేనా పిన్నీ?" అంది, షట్టరు సగంలో పట్టుకుని.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"బ్యాండు మాస్టరుగారి నల్ల కోటుకి ఆరు గుండీలిచ్చారు గుర్తుందా? ఐదోది నీలం. అప్పుడే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"నేను చెప్తే మీరు అప్పటికప్పుడు తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. మీ సంగతి నాకు తెలీదా? మీరే చెప్తారని చూశా."

"మరి కౌంటర్లో ఎవరైనా నిలబడొచ్చన్నావు?"

"అవును మరి. నేను నిలబడతా. మీరు ఒక్క వారం సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలని. లేకపోతే మీరు కదులుతారా? చిన్నప్పటి నుంచి చూస్తున్నా, ఒక్కరోజు కదిలారా?"

ఏడ్చానే. షట్టరు సగం ఎత్తిన కొట్టు ముందు, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు చూస్తుండగా. ఆ పిల్ల షట్టరు వదలలేదు, నా భుజమూ వదలలేదు.

డాక్టరుకి చూపించాను. నువ్వు అన్నదే, శుక్లం. రెండు కళ్ళకీ ఉంది. ముందు కుడి కన్ను, జూన్ 10న. ఓనరమ్మ సాఫ్ట్‌వేర్‌ని జూలైకి వాయిదా వేసింది. నల్ల గుండీలు అడిగినవాళ్ళకి ఈలోగా తనే తీసిస్తోంది, నేను పక్కన నిలబడి సైజు చెప్తున్నాను. ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

నీ అత్త


మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
మే 16

అత్తా,

నీ ఉత్తరం చదివి లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. మీ ఓనరమ్మకి నా తరఫున ఇంకో ఐస్‌క్రీం.

ఆపరేషనుకి నేను వస్తానంటే నువ్వు వద్దంటావు, మీ అన్నయ్య చాలంటావు. సరే, నాన్న వస్తాడు. ఆయన ఫోటోలు తీస్తాడు, జాగ్రత్త.

ఫైలు తిరిగి పంపుతున్నాను. నూట ఎనభై ఏడు రంగు గడులూ ఖాళీ చేసి పసుపు పూశాను. శుక్లం ఉన్నా పసుపు బాగానే కనిపిస్తుందట. కట్టు విప్పి, డాక్టరు సరేనన్నాక, తీరిగ్గా నింపు. తొందరేం లేదు.

ఇంకొకటి. నా కిందటి ఉత్తరంలో చివరి పేరాకి నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. చూసుకున్నాను, నాలుగు కాగితాల్లో ఎక్కడా లేదు. అది తప్పనిసరి గడి. ఖాళీగా వదిలితే ఉత్తరం మొత్తం వెనక్కి తన్నేస్తాను.

నీ గుండీ


గుండీల కొట్టు, ముందు బల్ల
జూలై 8

ఏమే గుండీ,

చూశావా, ఒకే కాగితం. అక్షరాలు చిక్కాయి. ఇక నువ్వు లావెక్కు.

కట్టు విప్పిన రోజు తెలుపు ఇంత తెల్లగా ఉంటుందని మర్చిపోయానని తెలిసింది. మీ నాన్న నెత్తిమీద వెంట్రుకలు ఎన్ని తెల్లబడ్డాయో కూడా అప్పుడే చూశాను, పాపమని నేనేమీ అనలేదు. మూడు వారాలాగి కొట్టుకి వచ్చి తొమ్మిదో వరస మొదటి సొరుగు లాగాను. నీలం. అమ్మో, ఎంత నీలమే! ఆ సొరుగు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఓనరమ్మ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. కుడి కన్ను మూసి ఎడమ కన్నుతో చూస్తే నలుపు, ఎడమది మూసి చూస్తే నీలం. పొద్దంతా అదే ఆట ఆడుకున్నాను. ఎడమ కన్నుకి వచ్చే నెల.

నీ పసుపు గడులన్నీ నింపాను. నూట ఎనభై ఏడులో నిజంగా నలుపు నూట ఆరు. ముదురు నీలం డెబ్బై ఒకటి. ముదురు ఆకుపచ్చ తొమ్మిది. ఒకే ఒక సొరుగు ద్రాక్షపండు రంగు, అది మన కొట్టులో ఉన్న సంగతే నాకు తెలియదు. నిన్న ఓనరమ్మ మీట నొక్కింది. పన్నెండు వందల అరవై లైన్లు, ఎక్కినవి పన్నెండు వందల అరవై, తప్పులు సున్నా. పాత కాగితం తీసేసి ఇది అంటించాను.

బ్యాండు మాస్టరు వచ్చాడు. ఆయన కోటు నా కళ్ళతో నేను చూశాను, ఐదో గుండీ నీలంగా మెరుస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. "ఇలా ఇవ్వండి, మార్చి కుడతాను" అన్నాను. ఆయన కోటు వెనక్కి లాక్కున్నాడు. "మీరు కావాలనే అలా పెట్టారనుకున్నానమ్మా, బాగుందని మా వాళ్ళందరి కోట్లకీ ఐదోది నీలమే వేయిద్దామని వచ్చాను, ఇరవై రెండు కావాలి" అన్నాడు. ఇరవై రెండూ చూసి, ఎంచి, ఇచ్చాను. సాఫ్ట్‌వేర్‌లో నా మొదటి బేరం అదే.

ఇంకో సంగతి. కడిగి మళ్ళీ సొరుగులో వేశానని మీ నాన్న చెప్పేది అబద్ధం. నువ్వు మింగిన గుండీ ఇరవై ఆరేళ్ళుగా నా సూదిపెట్టెలో ఉంది, ఏ లెక్కలోనూ చేర్చలేదు. ఆపరేషను మర్నాడు కట్టు విప్పి ఇంటికి పంపించాక మొట్టమొదట తీసి చూసింది దాన్నే. నీలమే. నాలుగు కన్నాలు.

చివరికి నీ తప్పనిసరి గడి. ఏప్రిల్ 24న నువ్వు రాసిన ఆఖరి పేరా ఉంది కదా. దాన్ని ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏం రాసినా నువ్వు రాసిన దానికి ఒక మాట తక్కువే అవుతోంది. కాబట్టి ఈ ఒక్కసారికి, నా సూత్రం నేనే తప్పి, కళ్ళు బాగానే కనిపిస్తుండగా రాస్తున్నాను:

డిటో.

నీ అత్త